బోణీ కాకముందు బాకీ అడగొద్దు

కార్బన్ పెట్టి రాసే ఆర్డరు పుస్తకాలు గుర్తున్నాయా? పైన తెల్ల కాగితం, దాని కింద గులాబీ రంగుది, అడుగున పసుపుది, మధ్యలో రెండు నీలి కార్బన్లు. మూడో కాగితం దాకా అచ్చు పడాలంటే పెన్ను గట్టిగా నొక్కి రాయాలి. తెల్లది కంపెనీ సరుకును కొట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటరుకి, గులాబీది కొట్టు ఆయనకి, పసుపుది పుస్తకంలోనే ఉండిపోయేది. 1990లలో, 2000 దాటిన తొలి ఏళ్లలో ఐసెట్ రాసి, రెండేళ్లు ఎంబీఏ చదివి, మార్కెటింగ్ స్పెషలైజేషన్ అని పట్టా పుచ్చుకుని వచ్చిన తెలుగు పిల్లల్లో చాలామందికి కంపెనీ మొదట చేతికిచ్చింది ఆ పుస్తకమే.

ఎంబీఏ చదువు మనకు కొత్తదేం కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే మొదలుపెట్టింది. 1991 సంస్కరణల తర్వాత కొత్తగా వచ్చినవి ఆ చదువుకు తగ్గ ఉద్యోగాలు. సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, టీవీలు, పెయింట్లు, 1993లో మళ్లీ దేశంలో అడుగుపెట్టిన కోకా-కోలాతో వేడెక్కిన కూల్‌డ్రింకుల పోటీ... ప్రతి కంపెనీకీ విజయవాడలో ఒక మనిషి, వరంగల్‌లో ఒక మనిషి, తిరుపతిలో ఒక మనిషి కావాల్సి వచ్చింది. మేనేజ్‌మెంట్ ట్రైనీ అనండి, సేల్స్ ఆఫీసర్ అనండి, మొదటి ఏడాది పని మాత్రం సేల్స్‌మన్ వెంట బీటు, అంటే ఒక రోజులో చుట్టిరావాల్సిన కొట్ల వరస, తిరగడమే. ఇంత చదివి కొట్టు కొట్టూ తిరగాలా అని ఆ ఏడాదిని శిక్షలా గడిపినవాళ్లు ఎక్కువ. నా లెక్కలో అసలు చదువు అదే. ఇప్పుడు యూనివర్సిటీ నుంచి బయటికొస్తున్న పిల్లలకు పనికొచ్చే సంగతులు చాలావరకు ఆ బీట్లలోనే ఉన్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బీటు తొమ్మిదిన్నరకు ముందు మొదలయ్యేది కాదు. కొట్టు ఎనిమిదికే తెరిచినా, దీపం పెట్టి, అగరొత్తులు వెలిగించి, బోణీ అయ్యేదాకా గల్లాపెట్టెలోంచి రూపాయి బయటికి రాదు. బోణీ కాకముందు బాకీ అడిగిన మనిషిని ఆ కొట్టు ఆయన నెల రోజులు గుర్తుపెట్టుకుంటాడు. మంగళవారం, శుక్రవారం డబ్బు చెయ్యి దాటనివ్వని వాళ్లు మన దగ్గర చాలామంది. దీపాలు పెట్టే వేళయితే చెప్పనక్కర్లేదు. ముంబైలో కూర్చుని వసూళ్ల ప్లాను వేసే వాళ్లకు ఇది తెలియదు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకింత అని సమానంగా పంచి పంపేవాళ్లు. ఊరు తెలిసిన ఆఫీసరు, బాకీలు ఎక్కువున్న బీట్లను సోమ, బుధ, గురువారాలకు జరిపేవాడు. మంగళ, శుక్రవారాల్లో ఆర్డర్లు మాత్రమే రాసుకునే బీట్లు పెట్టేవాడు. అదే సేల్స్‌మన్, అవే కొట్లు, ఒక్క రోజులు మార్చినందుకు వసూళ్లు పెరిగేవి. కొత్త సరుకు మొదటిసారి దించుకోమని అమావాస్య నాడు అడగడమూ అంతే, మాట దండగ. సంత జరిగే ఊళ్లో సంత రోజున కొట్టు ముందు నిలబడితే మొహం చూసే తీరిక కూడా ఎవరికీ ఉండదు. ముందు రోజు వెళ్తే అదే కొట్టాయన దగ్గర కూర్చోబెట్టుకుని మరీ రాయిస్తాడు.

ఒక బీటుకు 35 నుంచి 40 కొట్లు. మధ్యాహ్నం భోజనం, కునుకు వేళ కొట్లు మూసే ఊళ్లలో ఆ రెండు గంటలూ పోతాయి. నడకతో కలిపి కొట్టుకు పది నిమిషాలు మిగులుతుంది. ఆ పది నిమిషాలకూ ఒక వరస ఉంది. ముందు బయటే ఆగి అరల వైపు ఒక చూపు చూడాలి. మన సరుకు కంటికి ఆనే ఎత్తులో ఉందా, పక్క కంపెనీది ముందుకొచ్చి కూర్చుందా, గుమ్మానికి వేలాడే షాంపూ ప్యాకెట్ల దండల్లో మనవెన్ని. తర్వాత పలకరింపు. కృష్ణా జిల్లాలో "ఏం రాయమంటారు బాబాయ్?" అంటే సరిపోయేది. కరీంనగర్‌లో "అన్నా, ఏం రాయాలె ఇయ్యాల?" అనాలి. బేగంబజార్ హోల్‌సేల్‌లో "సేట్" అనందే మాట మొదలవదు.

పలకరింపు కాగానే ఆర్డరు అడగడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. ఏం కావాలని అడిగితే ఏం వద్దనడం ఎవరికైనా తేలికే. అడిగి లోపలికి వెళ్లి ముందు సరుకు లెక్కపెట్టాలి. మంచి సేల్స్‌మన్ సంచిలో ఎప్పుడూ ఒక పాత గుడ్డ ఉండేది. ప్యాకెట్ల మీద దుమ్ము తుడిచి, పాత తేదీవి ముందుకు లాగి, కొత్తవి వెనక్కి పెట్టేవాడు. ఆ రెండు నిమిషాల పని చూశాకే కొట్టాయన మాటలో మెత్తదనం వచ్చేది. ఇక ఆర్డరు లెక్క. వారానికి ఎంత పోతుందో దానికి ఒకటిన్నర రెట్లు కొట్టులో ఉండాలి, అందులోంచి ఇప్పుడున్నది తీసేయాలి. వారానికి 24 సబ్బులు పోయే కొట్టులో 36 ఉండాలి. లెక్కపెడితే 10 ఉన్నాయి. కావాల్సినవి 26, రాయాల్సింది రెండు డజన్లు. ఇన్ని తీసుకుంటే ఇంత ఉచితం అనే స్కీము అమ్మమని పైనుంచి ఒత్తిడి ఉన్నా మూడో డజను రాయకపోతే, "ఈ అబ్బాయి మనకు పోయేంతే రాస్తాడు" అన్న నమ్మకం కుదురుతుంది. అది కుదిరాక చాలా కొట్లలో పుస్తకం మన చేతికే వదిలేసేవారు. ఏం రాశావని కూడా అడిగేవారు కాదు.

కొట్టాయన వద్దనే మాటలు నాలుగైదే. వాటి వెనక అర్థాలే వేరు. "పాతదే పోలేదు" అంటే సగం సార్లు అది లోపలి గదిలో బస్తాల వెనక పడి ఉందని. అరలోకి తెచ్చి పెడితే పోతుంది. "కదలట్లేదు" అంటే ఎక్కడ పెట్టారో చూడాలి, ఆ వీధికి ఆ సైజు సరిపోతుందో లేదో చూడాలి. రోజు కూలీ మీద బతికే పేటలో పెద్ద సీసా పెట్టి కదల్లేదంటే సీసా తప్పు కాదు. "డబ్బుల్లేవు" అంటే చాలాసార్లు చీటీ కట్టే రోజు దగ్గర పడిందని. ఏ కొట్టాయన ఏ తేదీన చీటీ కడతాడో పుస్తకం చివరి పేజీలో రాసుకున్న సేల్స్‌మన్‌కి వసూళ్లలో తిరుగులేదు. "నాన్నగారు లేరు" అని గల్లా దగ్గర కూర్చున్న కుర్రాడు అంటే, ఆర్డరు వదిలేసి అతని పేరు కనుక్కుని రావాలి. నాలుగేళ్లలో ఆ కొట్టు అతనిదే.

వీటన్నిటికంటే గుండె గుభేలుమనిపించే మాట ఇంకొకటుంది. "హోల్‌సేల్‌లో ఇంకా తక్కువకే ఇస్తున్నారు కదయ్యా!"

ఈ మాట ఎక్కడినుంచి పుడుతుందో తెలిస్తే మార్కెటింగ్‌లో సగం తెలిసినట్టే. ప్రైమరీ, సెకండరీ అని రెండు అమ్మకాలున్నాయి. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటరు గోడౌనుకు వచ్చేది ప్రైమరీ. గోడౌను నుంచి కొట్లకు వెళ్లేది సెకండరీ. టార్గెట్లు ఆ రోజుల్లో ఎక్కువగా ప్రైమరీ మీదే. ఒక ఊళ్లో మార్కెట్ నెలకు నిజంగా తాగేది 10 లక్షల సరుకు అనుకుందాం. పైనుంచి వచ్చిన టార్గెట్ 13 లక్షలు. ఇరవై అయిదో తేదీ దాటేసరికి ఆఫీసరు డిస్ట్రిబ్యూటరు కొట్లోనే మకాం. టీ మీద టీ. చివరికి ఆయన బ్యాంకుకు మనిషిని పంపి సరుకు డబ్బుకు డీడీ (డిమాండ్ డ్రాఫ్టు) తీయిస్తాడు. డీడీ జిరాక్సును ఎస్టీడీ బూత్ నుంచి కంపెనీ డిపోకు ఫ్యాక్స్ కొడితే, నెలాఖరు రాత్రి లారీ బయల్దేరుతుంది. టార్గెట్ పూర్తి. మిగిలిన 3 లక్షల సరుకు మాత్రం గోడౌనులో కూర్చుంటుంది. మామూలుగా 15 రోజులకు సరిపడా ఉండాల్సిన 5 లక్షల స్టాకు 8 లక్షలవుతుంది, అంటే 24 రోజులకు సరిపడా.

డిస్ట్రిబ్యూటరు దాన్ని ఎన్నాళ్లు మోస్తాడు? తనకొచ్చే 5 శాతం కమీషన్‌లో మూడు శాతం వదులుకుని టోకున హోల్‌సేల్ వాడికి కట్టబెడతాడు. విజయవాడ వన్‌టౌన్‌లో అలా దిగిన సరుకు లారీ ఎక్కి ఖమ్మం చేరుతుంది. ఖమ్మం డిస్ట్రిబ్యూటరు ఇచ్చే రేటు కంటే తక్కువకు అక్కడి కొట్లలో పడుతుంది. అక్కడి సేల్స్‌మన్‌కి వినపడేదే పైన చెప్పిన మాట. పట్టుకోవడానికి దారి ఒక్కటే: అట్టపెట్టె మీద బ్యాచ్ నంబరు. డిపో నుంచి ఏ బ్యాచ్ ఎవరికి వెళ్లిందో బిల్లుల్లోంచి ఎప్పటికప్పుడు ఒక నోట్‌బుక్కులో ఎక్కించుకున్న ఆఫీసరు పదినిమిషాల్లో మూలం చెప్పేవాడు. లేనివాడు ఆర్నెల్లు వాదించుకునేవాడు. చాలాసార్లు ఆ మూలం వెతుక్కుంటూ పోతే ఇంకో ఆఫీసరు నెలాఖరు దగ్గర తేలేది. పాపం, అతనూ మన క్లాసులో చదివినవాడే.

డిస్ట్రిబ్యూటరు లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. చదువుకుని వచ్చిన పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇందులోనే. నెలకు 10 లక్షల అమ్మకం, 5 శాతం కమీషన్, అంటే 50 వేలు. ఆనాటి ఖర్చులు వేసుకుంటే గోడౌను అద్దె 3 వేలు, డెలివరీ వ్యాను డీజిలు డ్రైవరుతో 9 వేలు, ఇద్దరు సేల్స్‌మన్‌లకు 6 వేలు, గుమాస్తాకు 2,500, హమాలీకి 2,000, కరెంటు, ఫోను, కాగితాలకు 1,500. మొత్తం 24 వేలు పోగా 26 వేలు మిగులు. ఏడాదికి 3,12,000. ఇక పెట్టుబడి: స్టాకు 5 లక్షలు, మార్కెట్లో అరువు 3 లక్షలు, స్కీములకూ చెడిన సరుకుకూ కంపెనీ నుంచి తిరిగి రావాల్సిన డబ్బు, అంటే క్లెయిములు, 50 వేలు, మొత్తం ఎనిమిదిన్నర లక్షలు. అంటే ఏడాదికి దాదాపు 37 శాతం గిట్టుబాటు. బావుంది. ఇప్పుడు నెలాఖరు తోపుళ్ల తర్వాత చూడండి. స్టాకు 8 లక్షలు. సరుకు వదిలించుకోవడానికి అరువు పెంచాడు కాబట్టి బయట నాలుగున్నర లక్షలు. ఆఫీసరు నోటిమాటగా ఒప్పుకున్న స్కీములతో క్లెయిములు లక్షన్నర. మొత్తం 14 లక్షలు. అదే 3,12,000 మిగులును దీంతో భాగిస్తే 22 శాతం చిల్లర.

ఆ ఊళ్లో రెండు రూపాయల వడ్డీ నడుస్తోంది. నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. పొద్దున్నే లేచి వ్యాను వెంట తిరిగే వ్యాపారం కంటే అరుగు మీద కూర్చుని వడ్డీకి తిప్పుకోవడమే లాభం అని ఆయన నోటిలెక్కలో ఎప్పుడో తేల్చుకుని ఉంటాడు. మర్యాదకు బయటికి అనడు. ఓ నెల ఆర్డరు తగ్గిస్తాడు, ఓ నెల ఫోను ఎత్తడు, తర్వాత ఏజెన్సీ వదిలేస్తాడు. ఆయన పెట్టుబడి మీద రాబడిని మూణ్ణెల్లకోసారి ఆయన ముందే కూర్చుని కాగితం మీద వేసి చూపించే ఆఫీసరుకు ఈ గతి పట్టదు. ఎక్కడ డబ్బు ఇరుక్కుందో ఇద్దరికీ కనిపిస్తుంది. కంపెనీలు మారాయి, సరుకులు మారాయి, యాప్‌లు వచ్చాయి. ఈ లెక్క మాత్రం ఈనాటికీ అక్షరం మారలేదు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. 10 రూపాయల సబ్బు కొట్టుకు 9కి పడితే లాభం ఎంత? ఎంబీఏ పిల్లాడు 10 శాతం అంటాడు, అమ్మే ధర మీద. కొట్టాయన 11 శాతం అంటాడు, తను పెట్టిన 9 రూపాయల మీద. ఇద్దరిదీ ఒప్పే, కానీ బేరం జరిగేది కొట్టాయన లెక్కలో. డజనుకు ఒకటి ఉచితం అనే స్కీము ఎంత శాతం? పన్నెండులో ఒకటి కదా అని ఎనిమిదింపావు పైన చెప్పేస్తారు. చేతికొచ్చేవి పదమూడు, అందులో ఒకటి ఉచితం, అంటే 7.7 శాతం. ఈ తేడాను క్లెయిము కాగితం మీద తప్పు వేస్తే డిపో అకౌంటెంటు మొత్తం కట్టనే వెనక్కి పంపుతాడు.

క్లెయిములు ఎవరూ ఇష్టపడని పని. నేనైతే కొత్తగా చేరినవాళ్ల పేరు నిలబెట్టేదీ చెడగొట్టేదీ అదే అంటాను. స్కీము ఒకటి, దెబ్బతిన్న సరుకు ఒకటి, గడువు దాటింది ఒకటి, మూడింటికీ వేర్వేరు కట్టలు. బిల్లు నకళ్లు, కొట్టాయన సంతకం, ఆఫీసరు సంతకం. ఇవి ఉండి, నెల మొదటి వారం దాటకుండా పంపితే డబ్బు తొందరగా వస్తుంది. చిరిగిన ప్యాకెట్లను డిస్ట్రిబ్యూటరు ఎదురుగా లెక్కపెట్టి, కోసేసి, ఆ కాగితం మీద ఇద్దరూ సంతకం చేయాలి. కోయకుండా మూల పడేసిన సరుకు రెండోసారి క్లెయిములోకి వచ్చేస్తుంది, మాట పోయేది మనది. పంపిన కట్టకు అందినట్టు రసీదు తప్పనిసరి. నోటిమాట మీద స్కీము ఒప్పుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బదిలీ అయి మీరు వెళ్లిపోతారు, డిస్ట్రిబ్యూటరు పోయిన లక్ష రూపాయల కోసం మీ పేరు చెప్పుకుని ఏడుస్తాడు.

ప్రచారం సంగతులు తలుచుకుంటే ఇప్పటికీ ఉత్సాహంగా ఉంటుంది. గోడ రాతలు చదరపు అడుగు లెక్కన ఇచ్చేవాళ్లు. బస్సు ఆగే చోటు, రైల్వే గేటు, స్పీడు బ్రేకరు, ఇలా బండి నెమ్మదించే చోట, ఎదురొచ్చేవాళ్లకు మొహం చూపే గోడే పనికొస్తుంది. వానాకాలం ఎలాగూ కుదరదు. అక్టోబరులో రాయిస్తే మూడు నెలలకే డబ్బు సున్నంలో కలిసిపోతుంది, ఎందుకంటే సంక్రాంతికి ముందు మనవాళ్లు ఇళ్లకు సున్నాలు వేసుకుంటారు. పండగ వెళ్లిన వారంలో రాయిస్తే తెల్లటి కొత్త సున్నం మీద రంగు మెరిసిపోతూ జూన్ వానల దాకా నిలుస్తుంది. సున్నం ఆరిందో లేదో వేలితో రుద్ది చూడాలి. పచ్చిగా ఉంటే రంగు పొరలుగా ఊడి వస్తుంది. ఇంటాయనకు ఓ మాట చెప్పి, ఇంట్లో పిల్లలకు శాంపిళ్లు ఇచ్చి రావాలి. పక్క కంపెనీవాడు వచ్చి చెరిపేయబోతే అడ్డుపడేది వాళ్లే.

సినిమా హాళ్లలో గాజు స్లైడులుండేవి. కట్టిన డబ్బుకు స్లైడు పడిందో లేదో తెలియాలంటే సెకండ్ షోకు వెళ్లి కూర్చోవడమే మార్గం. ఇంటర్వెల్ లైట్లు వెలిగాక వేస్తే తెర మీద ఏమీ కనిపించదు, జనం అప్పటికే సోడాల కోసం లేచిపోతారు. లైట్లు ఆర్పి, సినిమా మళ్లీ మొదలవబోయే ముందు పడేలా ప్రొజెక్టరు ఆపరేటరుతో మాట్లాడుకోవాలి. దినపత్రికల్లో పెట్టి పంచే కరపత్రాలదీ ఇదే బాధ. తెల్లవారుజామున నాలుగింటికి పత్రికల కట్టలు విప్పే చోట నిలబడితే వెయ్యికి వెయ్యీ ఇళ్లకు చేరతాయి. ఏడింటికి లేచి అడిగితే మిగిలిన కట్ట ఏ పకోడీల బండి మీదో దొరికేది. ఈనాడు 1989లో జిల్లాల వారీగా ప్రత్యేక పేజీలు మొదలుపెట్టాక చిన్న ఊరి కొట్టుకు కూడా ప్రకటన అందుబాటులోకి వచ్చింది. రాష్ట్రమంతా డబ్బు పోయకుండా, ఒక్క గుంటూరు జిల్లాకే ప్రకటన ఇవ్వగలగడం ఆ రోజుల్లో ఎంత పెద్ద మార్పో మాటల్లో చెప్పలేను.

పుష్కరాలు వస్తే సంగతే వేరు. 1991, 2003లో గోదావరికి, 1992, 2004లో కృష్ణకు. ఘాట్ల దగ్గర స్నానం చేసి వచ్చేవాళ్లకు ఒక్కసారి వాడే సబ్బు బిళ్లలు, షాంపూ ప్యాకెట్లే కావాలి. పెద్ద ప్యాకెట్లతో స్టాలు పెట్టినవాళ్లు మొత్తం వెనక్కి మోసుకెళ్లేవారు. చిన్న ప్యాకెట్ ఎంత పెద్ద సంగతో తమిళనాడు కడలూరులో 1983లో మొదలైన చిక్ షాంపూ ముందే చూపించింది. అయిదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒకటి ఉచితం అన్నారు, మొదట ఏ కంపెనీ ఖాళీలైనా సరే, తర్వాత తమవి మాత్రమే. కొట్టు దాకా రప్పించడం ఒక ఎత్తు, మళ్లీ రప్పించడం ఇంకో ఎత్తు అని తెలిసినవాళ్ల పని అది. ఇక డిస్ట్రిబ్యూటరు వ్యాను పోలేని పల్లెల కోసం హిందుస్థాన్ లీవర్ డ్వాక్రా సంఘాల మహిళలతో కలిసి శక్తి పథకం మొదలుపెట్టింది మన నల్గొండ జిల్లాలోనే. ఆ తర్వాత దేశమంతా పాకింది. మన ఊళ్లలో పుట్టిన పాఠం పెద్ద పెద్ద బిజినెస్ స్కూళ్లలో చెబుతారని తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు పిల్లలు డిజిటల్ మార్కెటింగ్ అంటున్నారు. మంచిదే, కానీ కరపత్రం లెక్క వదలొద్దు. పది వేలు ఖర్చుపెట్టారు, క్లిక్కుకు 8 రూపాయలు పడింది, 1,250 మంది వచ్చారు. నూటికి ఇద్దరు కొన్నారు, 25 ఆర్డర్లు. సరుకు అందాక డబ్బు అనే పద్ధతిలో అయిదు వెనక్కి వచ్చాయి. మిగిలిన ఇరవై మీద ఒక్కోదానికి 300 లాభం, 6 వేలు. నాలుగు వేలు నష్టం, వెనక్కొచ్చిన వాటి రవాణా అదనం. లైకులు ఎన్ని వచ్చాయన్న రిపోర్టులో ఈ నాలుగు వేలు కనిపించవు. ఆ ఇరవై మందిలో మూణ్ణెల్లలోపు ఎంతమంది మళ్లీ కొన్నారన్నదే చూడాలి. కొత్త సరుకు వందకొట్లలో పెట్టి, మూడో వారం వెళ్లి ఎన్ని కొట్లు రెండోసారి రాయించాయో లెక్కపెట్టుకునేవాళ్లం కదా, అదే పని.

మొదటి ఉద్యోగం కాగితం చేతికొచ్చినప్పుడు పైనున్న పెద్ద అంకె చూసి మురిసిపోకండి. నెలకు 40 వేల సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అనుకుందాం. అందులో టార్గెట్ కొడితేనే వచ్చేది 8 వేలు. బేసిక్ 20 వేలయితే కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 2,400. గ్రాట్యుటీకి 4.81 శాతం, 962. ఇవి పోతే మిగిలేది 28,638. అందులో మళ్లీ మీ వాటా పీఎఫ్ 2,400, వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది 26,038. ఇంటి అద్దె, బండి కిస్తీ ఈ అంకె మీద లెక్క వేసుకోవాలి. ప్రయాణానికీ రోజు ఖర్చులకూ కంపెనీ ఇచ్చే టీఏ, డీఏ ముందు మీ జేబులోంచే పోతాయి, బిల్లులు పాసై వచ్చేసరికి నెలా పదిహేను రోజులు పట్టొచ్చు. ఒక నెల టూరు ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచుకోకపోతే రెండో నెలకే అప్పు. బస్సు టికెట్లు, లాడ్జి రసీదులు ఏ రోజువి ఆ రోజే కాగితానికి అంటించేయాలి. ఆర్టీసీ టికెట్ మీద అక్షరాలు నెల తిరిగేసరికి వెలిసిపోతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా చూపించి వెనక్కి తీసుకోండి, నకళ్లే ఇవ్వండి. బాండు ఉంటే ఎన్ని నెలలు, మానేస్తే ఎంత కట్టాలి, నోటీసు ఎన్ని రోజులు, ఈ మూడూ చదవకుండా సంతకం వద్దు. టూ వీలర్ లైసెన్సు లేకుండా సేల్స్‌లో చేరడానికి వెళ్లకండి. ఎక్సెల్‌లో స్టాకు స్టేట్‌మెంటు ఎవరి సాయం లేకుండా వేయగలిగితే మొదటి నెలలోనే ఆఫీసులో మీకో విలువ ఏర్పడుతుంది.

అలా చేరిన ఉద్యోగాన్ని రెండు సంక్రాంతులు చూడకుండా వదలొద్దు. వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి డబ్బు శీతాకాలంలో చేతులు మారుతుంది. డెల్టాలో వడ్లు అమ్మిన డబ్బు పండగ ముందు. గుంటూరు వైపు మిర్చి డబ్బు ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా. ఆషాఢంలో బట్టల కొట్లు తగ్గింపులు పెడతాయి, శ్రావణం రాగానే చీరలకూ బంగారానికీ ఊపు వస్తుంది. ఇదంతా మొదటి ఏడాది జరుగుతుంటే చూస్తాం. దానికి తగ్గట్టు సరుకు ముందే దించి, అరువు ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు బిగించాలో ప్లాను వేసుకోగలిగేది రెండో ఏడాదే. పదకొండో నెలలో మానేసి ఇంకో కంపెనీకి పోయినవాళ్లు అక్కడ మళ్లీ మొదటి ఏడాదే చదువుతారు.

మానేసే రోజు వచ్చినప్పుడు అప్పగింత సరిగా చేసి వెళ్లండి. కొట్టు వారీగా బాకీల జాబితా రాసి డిస్ట్రిబ్యూటరు సంతకం తీసుకోండి. రావాల్సిన క్లెయిములు తేదీలతో ఇంకో కాగితం మీద, దాని మీదా ఆయన సంతకం, మీ సంతకం. గోడౌనులో స్టాకు కొత్తగా వచ్చే అబ్బాయి ఎదురుగా లెక్కపెట్టండి, గడువు దగ్గర పడ్డ పెట్టెలు విడిగా చూపించండి. మూడు కాగితాలూ నకళ్లు తీసి ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. కనీసం నాలుగు బీట్లు ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని తిరగండి. కొట్టు కొట్టుకూ పేరు చెప్పి పరిచయం చేసి, ఆర్డరు పుస్తకం అతని చేతికిచ్చి, రాయనివ్వండి. మీరు పక్కన నిలబడి చీటీ తేదీలు, ఎవరికి ఏ వారం కుదరదో చెబుతూ ఉండండి. కొట్టాయన అతన్ని ఎగాదిగా చూసి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాక మీరు కొట్టు మెట్లు దిగొచ్చు.